సీటూ ఖర్చూ ఒకే లెక్క: అమెరికా ప్రైవేటు యూనివర్సిటీల గురించి

అమెరికాలో పన్నెండో తరగతికి వచ్చిన పిల్లలున్న మన ఇళ్లలో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా రెండు రకాల మాటలు నడుస్తుంటాయి. పిల్లలు స్నేహితులతోనూ స్కూలు కౌన్సెలర్‌తోనూ సీటు గురించి మాట్లాడుకుంటారు. తల్లిదండ్రులు పిల్లలు పడుకున్నాక డబ్బు గురించి మాట్లాడుకుంటారు. ఈ రెండూ కలిసేది చాలాసార్లు అడ్మిషన్ ఉత్తరం వచ్చిన తర్వాతే. అప్పటికి చేతిలో ఉన్న దారులు కొన్ని మూసుకుపోయి ఉంటాయి. మా అమ్మాయి కాలేజీలో చేరినప్పటి నుంచి బంధువులూ తెలిసినవాళ్లూ తమ పిల్లల వంతు రాగానే నన్ను అడుగుతూ వస్తున్నారు. వాళ్లకు విడివిడిగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఇందులో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: పోటీ తీవ్రంగా ఉండే ప్రైవేటు యూనివర్సిటీల విషయంలో సీటునూ ఖర్చునూ ఒకే లెక్కగా, అదీ దరఖాస్తు పంపకముందే, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తేల్చుకోవాలి.

ముందుగా అందరినీ భయపెట్టే అంకెల సంగతి చూద్దాం. 2024-25 విద్యా సంవత్సరంలో హార్వర్డ్ ట్యూషన్ ఫీజు 56,550 డాలర్లు. వసతి, భోజనం, ఇతర రుసుములు కలిపితే 82,866 డాలర్లు. అదే ఏడాది యేల్‌లో ట్యూషన్ 67,250 డాలర్లు, వసతికీ భోజనానికీ 19,900 డాలర్లు, వెరసి 87,150 డాలర్లు. పుస్తకాలు, ప్రయాణాలు, చేతిఖర్చులు దీనికి అదనం. ఏటా ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నాలుగేళ్లకు మూడున్నర లక్షల డాలర్ల పైమాటే అనుకోవాలి. అయితే ఇది ప్రకటించిన ధర మాత్రమే. ఏ సహాయమూ అందని కుటుంబం కట్టేది ఇదే. మిగతావాళ్లకు ఆ యూనివర్సిటీ తన నిధుల్లోంచి గ్రాంటు, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని సహాయం, ఇచ్చి ధరను తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుందన్నది ఆ కుటుంబం ఆదాయాన్నీ ఆస్తులనూ బట్టి, ఆ సంస్థ సొంత సూత్రాన్ని బట్టి మారుతుంది.

ఈ తగ్గింపు ఈమధ్య బాగా పెరిగింది. ప్రిన్స్‌టన్ 2001లోనే తన సహాయంలోంచి అప్పులను పూర్తిగా తీసేసి వాటి స్థానంలో గ్రాంట్లు పెట్టింది. 2025 మార్చిలో హార్వర్డ్, ఏడాదికి 2,00,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ట్యూషన్ ఉచితమనీ, 1,00,000 డాలర్ల లోపు వారికి వసతి, భోజనంతో సహా అన్నీ ఉచితమనీ ప్రకటించింది. ఎంఐటీ కూడా 2025 నుంచి 2,00,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ట్యూషన్ తీసేసింది. అయితే ఇలాంటి ప్రకటనల వెనక ‘మామూలు స్థాయి ఆస్తులు ఉన్నట్లయితే’ అన్న షరతు ఒకటి ఉంటుంది. ఆదాయం తక్కువైనా రెండు అద్దె ఇళ్లు, పెద్ద మొత్తంలో షేర్లు ఉన్న కుటుంబానికి ఈ హామీ అలాగే వర్తించకపోవచ్చు. ఏడాదికి 90,000 డాలర్లు సంపాదించే కుటుంబానికి తమ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీ కన్నా హార్వర్డే చవకగా రావచ్చు. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తూ 3,50,000 డాలర్లు తెచ్చుకునే ఇంటికి సహాయం బొత్తిగా అందకపోవచ్చు. వాళ్ల ముందున్నది పూర్తిగా వేరే నిర్ణయం: ఇంత ధర పెట్టడం మనకు తగునా, తగదా అన్నది.

అందుకే నన్ను ఎవరు అడిగినా మొదట చెప్పేది నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ గురించి. 2008లో వచ్చిన చట్టం ప్రకారం, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సహాయం పొందే ప్రతి కాలేజీ 2011 అక్టోబరు నుంచి తన వెబ్‌సైటులో దీన్ని తప్పనిసరిగా పెట్టాలి. పన్ను రిటర్నులు, జీతం స్లిప్పులు, బ్యాంకు నిల్వలు దగ్గర పెట్టుకుని కూర్చుంటే గంటలోపే మీ ఇంటికి ఆ కాలేజీ ఎంత పడుతుందో ఒక అంచనా వస్తుంది. జాబితాలో ఉన్న ప్రతి కాలేజీకీ విడిగా చేయాలి, ఎందుకంటే ఒకే ఆదాయానికి ఒకచోట 20,000, మరోచోట 45,000 డాలర్లు చూపించడం మామూలే. సొంత వ్యాపారం ఉన్నవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు, వేరే దేశంలో ఆస్తి ఉన్నవాళ్లు ఆ అంకెను కొంత అనుమానంతో చూడాలి. ఇవి ఉన్నచోట కాలిక్యులేటర్ లెక్క తరచూ తప్పుతుంది. అలాగే ఈ కాలిక్యులేటర్లు సాధారణంగా అమెరికా పౌరులనూ శాశ్వత నివాసులనూ దృష్టిలో పెట్టుకుని తయారైనవి.

ఇక్కడే మనవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి వస్తుంది. విద్యార్థి ఏ హోదాలో ఈ దేశంలో ఉన్నాడన్నది సీటునూ ఖర్చునూ రెండింటినీ మార్చేస్తుంది. అమెరికాలో పుట్టిన బిడ్డ ఈ దేశ పౌరుడు. తల్లిదండ్రులు హెచ్‌1బీ వీసా మీద ఉన్నా సరే, ఆ బిడ్డకు ఫెడరల్ సహాయానికి పూర్తి అర్హత ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలకూ అంతే. చిన్నప్పుడే వచ్చి, ఇక్కడి స్కూళ్లలోనే చదివి, గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి వేచి ఉన్న హెచ్‌4 (హెచ్‌1బీ ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) పిల్లలకు మాత్రం ఫెడరల్ సహాయం లేదు. చాలా ప్రైవేటు యూనివర్సిటీలు ఆర్థిక సహాయం విషయంలో వారిని అంతర్జాతీయ విద్యార్థులుగానే లెక్కిస్తాయి. పైగా ఇరవై ఒక్క ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది కాబట్టి చదువు మధ్యలో విద్యార్థి వీసాకు మారవలసి వస్తుంది. పక్క పక్క ఇళ్లలో ఉండే ఇద్దరు పిల్లలు, ఒకే స్కూలు, ఒకే మార్కులు, తల్లిదండ్రులకు ఒకే జీతం. అయినా ఇద్దరి ముందూ ఉన్న ధరలు వేరు. ఈ అన్యాయం గురించి నాకు బాధ ఉంది. కానీ ఆ బాధను పక్కన పెట్టి, ఆ హెచ్‌4 బిడ్డ జాబితాను దానికి తగ్గట్టు తయారు చేయడమే తల్లిదండ్రులు చేయగలిగిన మేలు.

అలా తయారు చేయాలంటే రెండు పదాలను విడదీసి చూడాలి. ‘నీడ్ బ్లైండ్’ అంటే సీటు ఇవ్వాలా వద్దా అని నిర్ణయించేటప్పుడు ఆ విద్యార్థికి సహాయం అవసరమా కాదా అన్నది చూడకపోవడం. ‘పూర్తి అవసరం తీర్చడం’ అంటే, సీటు ఇచ్చాక, తమ లెక్క ప్రకారం ఆ కుటుంబం కట్టగలిగినది పోగా ఎంత లోటు ఉంటుందో అంతా సమకూర్చడం. మొదటిది ఉండి రెండోది లేని కాలేజీ సీటు ఇస్తుంది, సరిపడా డబ్బు ఇవ్వకపోవచ్చు. రెండోది ఉండి మొదటిది లేని కాలేజీలో, డబ్బు అడిగినందువల్ల సీటు కష్టమవుతుంది, కానీ వచ్చిందంటే చేరగలం. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్‌స్ట్ చాలాకాలంగా అంతర్జాతీయ విద్యార్థులకు కూడా ఈ రెండూ పాటిస్తున్నాయి. 2022లో డార్ట్‌మత్, బోడన్ అదే దారి పట్టాయి. 2025లో చేరిన తరగతి నుంచి బ్రౌన్ కూడా వీటితో కలిసింది. ఇలాంటి కొద్దిపాటి కాలేజీలు దాటితే, అంతర్జాతీయ విద్యార్థి డబ్బు అవసరమని చెప్పడం అతని దరఖాస్తు మీద ప్రభావం చూపుతుందని అనుకోవడమే మంచిది. స్టాన్‌ఫర్డ్‌లో అయితే దరఖాస్తు సమయంలో సహాయం అడగని అంతర్జాతీయ విద్యార్థి ఆ నాలుగేళ్లలో మళ్లీ అడగడానికి వీలుండదు. ‘ముందు సీటు రానివ్వండి, డబ్బు సంగతి తర్వాత అడుగుదాం’ అనే సలహా ఇలాంటి చోట ప్రమాదకరం.

సహాయం కోసం నింపే ఫారాల విషయానికొస్తే, ఫాఫ్సా అనేది ఫెడరల్ ప్రభుత్వానిది. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనేది కాలేజ్ బోర్డు అనే సంస్థ నడిపేది, పెద్ద ప్రైవేటు సంస్థలు చాలావరకు దీన్ని అడుగుతాయి. ఫాఫ్సా మీరు ఉంటున్న ఇంటి విలువను అడగదు. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అడుగుతుంది, వేరే దేశంలో ఉన్న ఇల్లూ పొలమూ సహా. ఆ విలువను ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలన్నది ఒక్కో యూనివర్సిటీ ఇష్టం. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ సొంత ఇంటి విలువను లెక్కించవు. ఫెడరల్ సూత్రంలో తల్లిదండ్రుల ఆస్తుల్లో ఏడాదికి గరిష్ఠంగా 5.64 శాతాన్ని, పిల్లల పేరున ఉన్న ఆస్తుల్లో 20 శాతాన్ని చదువుకు పెట్టగలరని లెక్క వేస్తారు. బిడ్డ పేరున వేసిన డబ్బు బిడ్డ చదువుకే అడ్డు రావడం చూసి చాలామంది నొచ్చుకుంటారు గానీ, సూత్రం అలాగే ఉంది. 2024-25 నుంచి మరో మార్పు వచ్చింది: ఒకేసారి ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉంటే ఫెడరల్ లెక్కలో ఇంతకుముందు దొరికిన వెసులుబాటు పోయింది. సొంత నిధులు పంచే ప్రైవేటు సంస్థల్లో చాలావరకు ఇప్పటికీ దాన్ని గమనిస్తాయి, కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

ఇందులో చాలామంది చూడని సంగతి, లెక్కకు తీసుకునే ఆదాయం ఏ ఏడాదిది అన్నది. 2027 ఆగస్టులో కాలేజీలో చేరే విద్యార్థికి 2025 ఆదాయాన్ని చూస్తారు. అంటే పదో తరగతి రెండో సగం, పదకొండో తరగతి మొదటి సగం కలిసిన క్యాలెండర్ ఏడాది అన్నమాట. ఆ ఏడాదే ఇంటి మరమ్మతుకో, కారుకో కంపెనీ షేర్లు పెద్దమొత్తంలో అమ్మితే, ఆ లాభం ఆదాయంగా కనిపించి సహాయాన్ని తగ్గిస్తుంది. పన్నెండో తరగతిలో మేలుకుంటే ఆ ఏడాది అప్పటికే గడిచిపోయి ఉంటుంది. సహాయం కోసం ఏటా కొత్తగా దరఖాస్తు పెట్టాలి కాబట్టి, ఒక ఏడాది వచ్చింది కదా అని నాలుగేళ్లూ అంతే వస్తుందని అనుకోకూడదు.

ఇక సీటు. 2024లో చేరడానికి హార్వర్డ్‌కు 54,008 మంది దరఖాస్తు చేస్తే 1,937 మందికి సీటు వచ్చింది, అంటే 3.59 శాతం. ఆ ఏడాది ఎంఐటీలో 28,232 మందిలో 1,275 మందికి వచ్చింది. ఈ శాతాన్ని లాటరీ టికెట్టు మీద అంకెలా చదవడం వల్ల ఉపయోగం లేదు. దరఖాస్తును చదివే అధికారి సాధారణంగా ఒక ప్రాంతానికి బాధ్యుడు. ఆ ప్రాంతపు స్కూళ్లు అతనికి తెలుసు. స్కూలు తన వంతుగా ఒక ప్రొఫైల్ పంపిస్తుంది, అందులో ఏయే కోర్సులు దొరుకుతాయో, మార్కులు ఎలా వేస్తారో ఉంటుంది. ఈ విద్యార్థి తనకు అందుబాటులో ఉన్నదాంట్లో ఎంత తీసుకున్నాడన్నది దాన్ని బట్టి చూస్తారు. ఆ మెట్టు దాటినవాళ్లే సీట్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మంది ఉంటారు. అక్కడి నుంచి సాగేది ఒక తరగతిని కూర్చే పని: క్రీడా జట్లకు ఆటగాళ్లు కావాలి, ఆర్కెస్ట్రాకు వాయించేవాళ్లు కావాలి, విద్యార్థులు తగ్గిన విభాగానికి ఆసక్తి ఉన్నవాళ్లు కావాలి, కుటుంబంలో మొదటిసారి కాలేజీకి వస్తున్నవాళ్లు కావాలి. ఆ ఏడాది వాళ్లకు ఏది కావాలో బయటివాళ్లకు తెలిసే అవకాశం లేదు. అందుకే సీటు రాని పిల్లవాడితో ‘నీలో ఏదో తక్కువైంది’ అనే మాటను పొరపాటున కూడా అనకూడదని నా మనవి.

ఈ కూర్పులో డబ్బున్నవాళ్లకు మొగ్గు ఉందన్నది ఊహ కాదు. ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన పరిశోధనలో, ఐవీ లీగ్ అని పిలిచే హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది యూనివర్సిటీలకు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో కలిపి పన్నెండు సంస్థలను చూశారు. శాట్ అనే కాలేజీ ప్రవేశ పరీక్షలో ఒకే స్థాయి మార్కులున్న మధ్యతరగతి పిల్లలతో పోలిస్తే, ఆదాయంలో పైనున్న ఒక శాతం కుటుంబాల పిల్లలు వాటిలో చేరే అవకాశం రెండింతలకు పైగా ఉందని తేలింది. పూర్వవిద్యార్థుల పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యం, క్రీడాకారుల ఎంపిక, చదువేతర విషయాలకు ఇచ్చే రేటింగులు అనే మూడూ అందుకు కారణాలని వారు చూపించారు. సీట్ల ఎంపికలో జాతిని పరిగణించే పద్ధతిని సుప్రీంకోర్టు 2023 జూన్ 29న కొట్టేసింది గానీ, పూర్వవిద్యార్థుల ప్రాధాన్యం చాలాచోట్ల అలాగే ఉంది. ఎంఐటీ దాన్ని పాటించదు. జాన్స్ హాప్‌కిన్స్, ఆమ్‌హెర్‌స్ట్ మానేశాయి. కాలిఫోర్నియా 2024లో చట్టం చేసి ప్రైవేటు సంస్థల్లో కూడా నిషేధించింది. శాట్ విషయం మాత్రం మళ్లీ పాత దారికి వస్తోంది. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, హార్వర్డ్, బ్రౌన్ 2024లో పరీక్షను తిరిగి తప్పనిసరి చేస్తున్నట్టు ప్రకటించాయి.

ఏ కాలేజీ దేనికి ఎంత బరువు ఇస్తుందో తెలుసుకోవడానికి పుకార్ల అవసరం లేదు. చాలా కాలేజీలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం ప్రకటిస్తాయి. అందులో సీ7 అనే పట్టికలో మార్కులు, పరీక్షలు, వ్యాసం, సిఫారసు లేఖలు, పూర్వవిద్యార్థుల సంబంధం, కాలేజీ మీద చూపిన ఆసక్తి వంటి అంశాలు ఒక్కొక్కటీ ‘చాలా ముఖ్యం’ నుంచి ‘పరిగణించం’ వరకు ఏ స్థాయిలో ఉన్నాయో టిక్కు పెట్టి ఉంటుంది. హెచ్ విభాగంలో ఎంతమందికి సహాయం ఇచ్చారో, అవసరంలో ఎంత శాతం తీర్చారో ఉంటుంది. హెచ్6 చూస్తే అంతర్జాతీయ విద్యార్థుల్లో ఎంతమందికి, సగటున ఎంత ఇచ్చారో తెలుస్తుంది. డబ్బు తీసుకుని సలహాలిచ్చే కన్సల్టెంట్ల దగ్గరికి వెళ్లేముందు ఈ పత్రం చదవమని అందరికీ చెబుతాను.

సీటూ ఖర్చూ నేరుగా ఢీకొనేది ఎర్లీ డెసిషన్‌లో. నవంబరు మొదట్లో దరఖాస్తు, డిసెంబరు మధ్యలో ఫలితం; సీటు వస్తే చేరతామని విద్యార్థి, తల్లి లేదా తండ్రి, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి. బ్రౌన్, కొలంబియా, కార్నెల్, డార్ట్‌మత్, పెన్సిల్వేనియా యూనివర్సిటీలలో ఉన్నది ఈ పద్ధతే. కొన్ని చోట్ల తరగతిలో దాదాపు సగం దీనితోనే నిండుతుంది కాబట్టి అవకాశం మెరుగవుతుంది. కానీ వేర్వేరు కాలేజీల సహాయాన్ని పక్కపక్కన పెట్టి పోల్చుకునే హక్కును వదులుకున్నట్టే. వాళ్లిచ్చిన సహాయంతో నిజంగా కట్టలేకపోతే బయటికి రావచ్చు, కానీ ‘ఇంకోచోట ఎక్కువ ఇస్తారేమో’ అనేది అందుకు కారణంగా చెల్లదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లలో ముందస్తు దరఖాస్తుకు ఈ కట్టుబాటు లేదు. మిగతా ప్రైవేటు కాలేజీలకు అదే సమయంలో ముందస్తుగా పెట్టకూడదన్న ఆంక్ష మాత్రం ఉంటుంది. నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ చూపిన అంకెను సంతోషంగా కట్టగలం అనుకున్న ఇల్లే ఎర్లీ డెసిషన్‌కు సంతకం పెట్టాలని నా అభిప్రాయం.

సహాయపు ఉత్తరాన్ని చదవడం కూడా నేర్చుకోవలసినదే. మా చెల్లెలు ఒకసారి తన కొడుక్కి వచ్చిన ఉత్తరం నాకు పంపి, “అన్నయ్యా, మేం కట్టాల్సింది 40,500 అని రాశారు, సర్దుకోగలం అనుకుంటున్నాం” అంది. ఇద్దరం ఫోన్లోనే ఒక్కో వరుసా చదివాం. మొత్తం ఖర్చు 90,000. కాలేజీ గ్రాంటు 41,000. దాని కింద ఫెడరల్ లోన్ 5,500, వర్క్ స్టడీ 3,000. ఈ మూడింటినీ కలిపి తీసేయగా మిగిలినదాన్ని కింద పెద్ద అక్షరాలతో వేశారు. కానీ లోన్ అంటే పిల్లవాడు తిరిగి కట్టవలసిన అప్పు. వర్క్ స్టడీ అంటే క్యాంపస్‌లో పనిచేస్తే ఏడాది పొడుగునా జీతంగా వచ్చే సొమ్ము, మొదటి బిల్లు కట్టే ఆగస్టులో అది చేతిలో ఉండదు. తిరిగి ఇవ్వక్కర్లేని సహాయం గ్రాంటు ఒక్కటే. “అయితే అసలు లెక్క 49,000 కదా అన్నయ్యా” అని తనే అంది. ఆ అంకెను పెట్టుకునే మిగతా రెండు ఉత్తరాలతో పోల్చుకున్నారు. ఇంట్లో ఆరోగ్య బీమా ఉన్నందువల్ల బిల్లులో వేసిన విద్యార్థి బీమాను రద్దు చేయించుకోవచ్చన్నది కూడా అప్పుడే బయటపడింది.

ఆదాయం ఎక్కువై అవసరం ఆధారంగా ఏమీ రానివాళ్లకు మెరిట్ స్కాలర్‌షిప్ ఒక్కటే మార్గం. ఐవీ లీగ్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ మెరిట్ మీద ఒక్క డాలరూ ఇవ్వవు. వాండర్‌బిల్ట్, డ్యూక్, యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వంటివి కొద్దిమందికి పూర్తి ట్యూషన్ లేదా అంతకన్నా ఎక్కువ ఇస్తాయి, కానీ వాటికి పోటీ సీటు పోటీకన్నా తీవ్రం. ఈ సంగతి తెలియక ‘మావాడికి మార్కులు బాగున్నాయి, ప్రిన్స్‌టన్ స్కాలర్‌షిప్ ఇస్తుంది’ అని నమ్మకంగా ఉండేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

అప్పుల సంగతి ఈమధ్య మారింది. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థి తన పేరున మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆపైన ఏడాదికి 7,500 డాలర్ల వరకు ఫెడరల్ అప్పు తీసుకోవచ్చు. మొత్తం 31,000 దాటకూడదు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కు ఇంతకాలం మిగిలిన ఖర్చంతా పరిమితిగా ఉండేది. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఏడాదికి 20,000, ఒక్కో బిడ్డకు మొత్తం 65,000 డాలర్లే హద్దు. ‘ఎలాగోలా లోన్ తీసుకుందాం’ అన్న ధైర్యానికి ఇకపై ఒక అంకె ఉంది. దాన్ని దాటితే ప్రైవేటు బ్యాంకు అప్పే దిక్కు. దానికి సాధారణంగా తల్లిదండ్రుల హామీ సంతకం ఉండాలి, తిరిగి కట్టేటప్పుడు ఫెడరల్ అప్పుకున్నన్ని వెసులుబాట్లు ఉండవు.

మార్చి ఆఖరుకు ఫలితాలన్నీ వస్తాయి, మే 1 లోపు ఒక కాలేజీకి డిపాజిట్ కట్టాలి. ఆ నెల రోజుల్లో సహాయాన్ని మళ్లీ పరిశీలించమని అడగవచ్చు, అడగడంలో తప్పేమీ లేదు. లెక్కకు తీసుకున్న ఏడాది తర్వాత ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా, పెద్దవాళ్ల వైద్యానికి ఖర్చయినా, కాగితాలు జతచేసి సూటిగా ఒక పేజీ ఉత్తరం రాస్తే చాలు. అలాంటి మార్పులను చూసి సహాయాన్ని సవరించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. సమాన స్థాయి కాలేజీ ఇచ్చిన మెరుగైన ఉత్తరాన్ని జతచేస్తే కొన్ని సంస్థలు పునరాలోచిస్తాయి. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు మరో సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి: మే తర్వాత ఇచ్చే సీట్లకు సహాయం మిగిలి ఉంటుందా, ఆ దశలో కూడా అవసరం చూడకుండానే ఎంపిక చేస్తారా అని. జవాబు ఈమెయిల్లో రాసి ఇవ్వమనాలి. అది వచ్చేదాకా మొదటి కాలేజీకి కట్టిన డిపాజిట్‌ను కదపకూడదు.